రెండు నానోమీటర్ల మురిపెం, ఐదు వందల కోట్ల ఫైలు

2025 మేలో జపాన్ చిప్ కంపెనీ రెనెసాస్ బెంగళూరులోనూ నోయిడాలోనూ 3 నానోమీటర్ల చిప్‌ల డిజైన్ కేంద్రాలు తెరిచింది. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు. సెప్టెంబరులో బ్రిటన్ చిప్ డిజైన్ కంపెనీ ఆర్మ్ బెంగళూరులోనే 2 నానోమీటర్ల పని కోసం కొత్త ఆఫీసు పెట్టింది. రెండింటికీ కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవే ప్రారంభకుడు. ఆ రెండు సార్లూ మన వాట్సాప్ గ్రూపుల్లో పండగే పండగ. ప్రపంచంలోకెల్లా అధునాతనమైన చిప్ మన మారతహళ్లి పక్కనే తయారవుతోందన్నంత హడావుడి. తయారవడం లేదు. ఇక్కడ గీస్తున్నారు. అంత సన్నటి పని జరిగే ఫ్యాబ్, అంటే చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ, మన దేశంలో ఒక్కటీ లేదు. గీసిన బొమ్మ మీద హక్కు ఏ కంపెనీదో ఆ కంపెనీదే. గీయడానికి వాడే సాఫ్ట్‌వేర్ చాలావరకు అమెరికాది. మన వాటాకు వచ్చింది జీతం.

జీతాన్ని వెక్కిరించడానికి ఈ మాట అనడం లేదు. ఆ జీతాలతోనే ప్రకాశం, నల్గొండ, కడప జిల్లాల్లో ఎన్నో ఇళ్లకు పైకప్పులు పడ్డాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యాయి. పనితనం విషయంలోనూ బెంగళూరును తక్కువ చేయడానికి లేదు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడ డిజైన్ నడుస్తూనే ఉంది. 2008లో ఇంటెల్ విడుదల చేసిన ఆరు కోర్ల జియాన్ ప్రాసెసర్‌ను ఇక్కడి బృందమే చేసింది. ఏఎండీ తన అతిపెద్ద డిజైన్ కేంద్రాన్ని ఇక్కడే కట్టుకుంది. ప్రపంచంలోని చిప్ డిజైన్ ఇంజినీర్లలో అయిదో వంతు మనవాళ్లేనని మంత్రులు ప్రతి సభలోనూ చెబుతారు. బెళ్లందూరు ఆఫీసుల్లో టేపౌట్‌కు (పూర్తయిన డిజైన్‌ను తయారీకి పంపడానికి) ముందు రాత్రి ఎవరు మేలుకుని ఉంటారో చూస్తే, అందులో మన తెలుగువాళ్ల వంతు ఎంతో ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

అయితే నలభై ఏళ్ల డిజైన్ మనకు సొంత చిప్ కంపెనీలను మిగిల్చిందా? కాస్త నిలబడ్డ వాటిని కొనేశారు. బెంగళూరు కాస్మిక్ సర్క్యూట్స్‌ను 2013లో అమెరికా కంపెనీ కేడెన్స్ కొనుక్కుంది. రాడార్ చిప్‌లు చేసిన స్టెరేడియన్‌ను 2022లో కొన్నది ఎవరో కాదు, ఇందాకటి రెనెసాసే. అమ్ముకున్నవాళ్ల తప్పేమీ లేదు. ఒక అధునాతన చిప్‌కు మాస్కుల (డిజైన్‌ను సిలికాన్ మీద అచ్చువేసే పలకల) ఖర్చు భరించలేక, ఫౌండ్రీ (ఇతరుల చిప్‌లు చేసిపెట్టే ఫ్యాక్టరీ) దగ్గర వరసలో ముందు నిలబడలేక, ఇక్కడ కొనేవాడు దొరకక చేసిన పని అది. మన లోటు డిజైన్‌లో లేదు. చిప్‌లోని బుల్లి స్విచ్ అయిన ట్రాన్సిస్టర్‌లో ఉంది. దాన్ని కొత్త రూపంలో, కొత్త పదార్థంతో తయారుచేసి, లక్షల సంఖ్యలో ఒకేలా పనిచేయించి చూపే చోటు మనకు లేదు. ఆ చోటు బెంగళూరులోనే రావాలి, ప్రభుత్వ డబ్బుతోనే రావాలి.

ఎందుకో చెప్పడానికి ట్రాన్సిస్టర్ లోపలికి కాస్త వెళ్లాలి. ట్రాన్సిస్టర్ పని రెండు ముక్కల్లో ఉంది: కరెంటును పోనివ్వాలి, ఆపమన్నప్పుడు ఆపాలి. పోనివ్వడం తేలిక, ఆపడమే కష్టం. రబ్బరు గొట్టాన్ని పైనుంచి ఒక్క వేలితో నొక్కితే నీళ్లు పక్కల నుంచి కారుతూనే ఉంటాయి, గుప్పిట్లో బిగిస్తేనే ఆగుతాయి. పాత చదును ట్రాన్సిస్టర్లో గేటు, అంటే కరెంటును ఆపే భాగం, పైనుంచి నొక్కే వేలు మాత్రమే. ట్రాన్సిస్టర్ చిన్నదవుతున్నకొద్దీ కారడం పెరిగింది, ఫోన్లు వేడెక్కాయి. సిలికాన్‌ను నిటారుగా సన్నటి రెక్కలా నిలబెట్టి గేటును మూడు వైపులా చుట్టారు. అదే ఫిన్‌ఫెట్. తరువాత సిలికాన్‌ను పలుచటి పొరలుగా ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్కో పొర చుట్టూ నాలుగు వైపులా గేటును పరిచారు. శాంసంగ్ 2022లో 3 నానోమీటర్ల తరంతో, తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ 2 నానోమీటర్ల తరంతో ఈ నానోషీట్ పద్ధతికి మారాయి.

ఈ రూపాలు ఎక్కడ పుట్టాయో చూడండి. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా డబ్బుతో, 1990ల చివర్లో, బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చెన్మింగ్ హు బృందం చేతిలో ఫిన్‌ఫెట్ రూపుదిద్దుకుంది. అది ఇంటెల్ చిప్‌గా అంగట్లోకి వచ్చింది 2012లో. నానోషీట్‌ను ఐబీఎం పరిశోధకులు భాగస్వాములతో కలిసి న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ పరిశోధన కేంద్రం నుంచి ప్రకటించింది 2017లో, అది ఫ్యాబ్‌కు చేరింది ఐదేళ్లకు. ల్యాబ్‌లో వేసిన విత్తనం బజారుకు రావడానికి కనీసం ఐదేళ్లు, ఒక్కోసారి పదిహేనేళ్లు. ఆ మధ్యకాలమంతా లాభం లేని ఖర్చే. అందుకే ఆ ఖర్చు ప్రభుత్వాలు భరించాయి, లేదా కంపెనీలు కలిసికట్టుగా భరించాయి.

ఇప్పుడు సిలికాన్ పొరను ఇంకా పలుచన చేయడానికి హద్దు కనిపిస్తోంది. మూడు, నాలుగు నానోమీటర్ల కన్నా పలుచనైతే ఉపరితలం గరుకుదనమే ఎలక్ట్రాన్లకు అడ్డం పడుతుంది, వేగం పడిపోతుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ లాంటి పదార్థాలకు ఆ బాధ తక్కువ. వాటి ఒక్క పొర మందం ముప్పావు నానోమీటరు కూడా ఉండదు, సహజంగానే నున్నగా ఉంటుంది. వాటితో ట్రాన్సిస్టర్ చేయడమే ఇప్పుడు ప్రపంచంలో అసలు పందెం. వాటిలోకి కరెంటు సాఫీగా ఎక్కించడం, వేఫర్ (చిప్‌లు చేసే గుండ్రటి పలక) నిండా ఒకే నాణ్యతతో పెంచడం ఇంకా ఎవరికీ పూర్తిగా చేతకాలేదు. పరిశ్రమ అంచనాల్లో ఇవి ఫ్యాబ్‌లకు ఎక్కేది 2030ల మధ్యకో, ఆ తరువాతకో.

నాకు ఉత్సాహం ఇక్కడే. సిలికాన్‌లో మనం ముప్పై ఏళ్లు వెనకబడ్డాం, ఎంత పరిగెత్తినా ముందువాడి వీపే కనిపిస్తుంది. ఈ కొత్త పదార్థాల్లో మాత్రం అందరూ దాదాపు ఒకే గీత దగ్గర ఉన్నారు. బెంగళూరు ఐఐఎస్సీలో సెన్స్ అని పిలిచే నానో సైన్స్, ఇంజినీరింగ్ కేంద్రం ఉంది, దేశంలోని మంచి క్లీన్‌రూముల్లో (దుమ్ము చొరబడని ల్యాబుల్లో) అదొకటి. అక్కడి ముప్పై మంది శాస్త్రవేత్తలు కలిసి ఈ పదార్థాలతో ఆంగ్‌స్ట్రామ్ స్థాయి, అంటే నానోమీటరులో పదో వంతు స్థాయి చిప్‌ల కోసం ఒక ప్రతిపాదన రాశారు. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వానికి ఇచ్చారు, దిద్ది మళ్లీ 2024 అక్టోబరులో ఇచ్చారు. అడిగింది అయిదేళ్లకు 500 కోట్లు. 2025 ఏప్రిల్‌లో పత్రికలకెక్కే నాటికి కూడా అది చర్చల్లోనే ఉంది.

సరిగ్గా ఆ ఏప్రిల్ నెలలోనే చైనాలోని ఫుడాన్ విశ్వవిద్యాలయం మాలిబ్డినం డైసల్ఫైడ్‌తో దాదాపు 5,900 ట్రాన్సిస్టర్ల 32 బిట్ల ప్రాసెసర్ చేసి నేచర్ పత్రికలో ప్రచురించింది. ఆ వెనకే జూన్‌లో అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఈ రకం పదార్థాలతో చిన్న కంప్యూటర్ చేసి చూపింది. ఆ బృందానికి నాయకుడు సప్తర్షి దాస్, మన దేశంలో పుట్టి పెరిగినవాడే. మనవాళ్లకు చేతకాదని ఇంకా అనుకునేవాళ్లుంటే ఇది చాలు. చోటు దొరికితే చేస్తారు.

చోటు అంటే పెద్ద భవనం అనుకోకండి. ల్యాబ్‌లో చిన్న వేఫర్ ముక్క మీద ఒక ట్రాన్సిస్టర్ బాగా వస్తే పరిశోధన పత్రం అవుతుంది, పీహెచ్‌డీ అవుతుంది. ఫ్యాబ్ నమ్మాలంటే 300 మిల్లీమీటర్ల వేఫర్ నిండా, ఈ రోజూ రేపూ ఒకేలా రావాలి. ఈ రెంటి మధ్య ఉండేదే పైలట్ లైన్. బెల్జియంలోని ల్యూవెన్ పట్టణంలో 1984లో ఫ్లాండర్స్ ప్రభుత్వం పెట్టించిన ఐమెక్ చేసేది ఈ పనే. ఒక్క చిప్ కూడా అమ్మదు. అయినా ఇంటెల్, శాంసంగ్, టీఎస్ఎంసీ, చిప్ తయారీ యంత్రాలు చేసే ఏఎస్ఎంఎల్ అన్నీ దాని గుమ్మం తొక్కుతాయి, ఎందుకంటే పదేళ్ల తరువాతి ట్రాన్సిస్టర్ ముందు అక్కడే కనిపిస్తుంది. ఇప్పుడు 2 నానోమీటర్ల అవతలి తరాల కోసం అక్కడ కడుతున్న పైలట్ లైన్ ఖర్చు 250 కోట్ల యూరోలు. మన రూపాయల్లో పాతిక వేల కోట్ల దరిదాపు. మనవాళ్లు అడిగింది అందులో యాభయ్యో వంతు.

తైవాన్ కథ అందరికీ తెలుసు, ఒక్క ముక్క మాత్రం మనం మింగేస్తాం. టీఎస్ఎంసీ ఒక ప్రైవేటు సాహసం కాదు. 1976లో ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐటీఆర్ఐ అమెరికాలోని ఆర్‌సీఏ దగ్గర టెక్నాలజీ కొని, కుర్ర ఇంజినీర్లను నేర్చుకురమ్మని పంపింది. వాళ్లు తిరిగొచ్చి పైలట్ ప్లాంటు నడిపారు. 1987లో మోరిస్ చాంగ్ టీఎస్ఎంసీ మొదలుపెట్టింది ఐటీఆర్ఐ సొంత ప్లాంటులోనే, ప్రభుత్వం దాదాపు సగం పెట్టుబడి పెడితే. మొహాలీలో మన ప్రభుత్వ చిప్ ఫ్యాబ్ ఎస్‌సీఎల్ అంతకు మూడేళ్ల ముందే ఉత్పత్తి మొదలుపెట్టింది. 1989లో అగ్నిప్రమాదం జరిగింది. తరువాత మళ్లీ లేవడానికి ఏళ్లు పట్టింది. నేటికీ అక్కడ 180 నానోమీటర్లే.

దీనికి ఎదురు వాదన ఉంది, తెలివైనవాళ్లే చేస్తారు. ఎన్విడియాకు ఫ్యాబ్ ఉందా, క్వాల్‌కామ్‌కు ఉందా, ఎవరి పని వాళ్లు చేసుకుంటే చాలదా అంటారు. గుజరాత్‌లోని ధొలేరాలో టాటాలు 28 నానోమీటర్లతో మొదలుపెడుతున్నారు కదా, కార్లకూ మీటర్లకూ అది సరిపోతుంది కదా అని కూడా అంటారు. నిజమే, ధొలేరా రావాలి. కానీ అక్కడి టెక్నాలజీ తైవాన్ కంపెనీ పీఎస్ఎంసీది. ఇక ఎన్విడియాకు ఫ్యాబ్ లేకపోయినా చిప్ మీద పేరు దానిది, లాభం దానిది, ఫౌండ్రీ దగ్గర మాట దానిది. బెంగళూరు డిజైన్ కేంద్రానికి ఈ మూడింట్లో ఏదుంది? నేను అడిగేది ఫ్యాబ్ కూడా కాదు, దానికి ముందు మెట్టు.

డబ్బిస్తే సరిపోతుందా అంటే, అక్కడే నా పాత గొడవ మొదలవుతుంది. మన దేశంలో యంత్రం కొనడానికి డబ్బు పుడుతుంది, నడపడానికి పుట్టదు. ప్రాజెక్టు శాంక్షనవుతుంది, జర్మనీ నుంచో జపాన్ నుంచో యంత్రం దిగుతుంది, కొబ్బరికాయ కొడతారు, ఫొటో దిగుతారు. మూడేళ్లకు ప్రాజెక్టు అయిపోతుంది, ఏఎంసీ (ఏటా యంత్రం మరమ్మతుల ఒప్పందం) డబ్బు ఆగిపోతుంది, వాక్యూమ్ పంపు మొరాయిస్తుంది. ఆపైన ప్లాస్టిక్ కవరు కప్పుతారు. ఆ కవర్లు మన విశ్వవిద్యాలయాల్లో నేను చాలానే చూశాను. 2025 జూన్‌లో కేంద్రం నిబంధనలు సడలించి, పరిశోధన సంస్థలు కొటేషన్ లేకుండా కొనగలిగే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు పెంచింది, ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్ పోర్టల్ బయట కొనే వెసులుబాటునూ ఇచ్చింది. సంతోషం. ఆ రెండు లక్షలకు వాక్యూమ్ కోసం వాడే ఒక మంచి టర్బో పంపు రాదు.

పంపు కన్నా పెద్ద కొరత మనిషిది. క్లీన్‌రూమ్ అంటే ఇరవైనాలుగు గంటలూ గాలి వడపోత ఆగకూడదు, సైలేన్ లాంటి ప్రమాదకరమైన గ్యాసు లైన్లను కనిపెట్టుకుని ఉండాలి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో రోజూ పని. వేఫర్‌ను చెక్కే ఎచింగ్ యంత్రం నిన్న ఇచ్చిన లోతే ఈ రోజూ ఇస్తోందా అని కొలిచి చూసేవాడు కావాలి. పదేళ్లు అదే యంత్రం ముందు నిలబడ్డవాడికి దాని శబ్దం మారగానే తెలుస్తుంది. మన ల్యాబుల్లో ఆ పని పీహెచ్‌డీ విద్యార్థే నేర్చుకుంటాడు, అయిదేళ్లకు డిగ్రీ తీసుకుని అమెరికా విమానమో, వైట్‌ఫీల్డ్ క్యాబో ఎక్కుతాడు. నేర్చుకున్నది అతనితోనే పోతుంది. శాశ్వత సాంకేతిక సిబ్బంది పోస్టులు అడిగితే కాంట్రాక్టు మీద పెట్టుకోమంటారు.

మన ఇళ్లలోనూ ఇదే జబ్బు. ఎంసెట్ ర్యాంకు, సీఎస్ఈ సీటు, ప్యాకేజ్. పాలిటెక్నిక్ అంటే ర్యాంకు రానివాడి గతి అనుకుంటాం. పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడి సంబంధం వస్తే "ఇంకా చదువుతూనే ఉన్నాడా పాపం" అని ఫోన్ పెట్టేస్తాం. పీహెచ్‌డీ విద్యార్థికిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000, బెంగళూరులో అద్దె కట్టాక ఎంత మిగులుతుందో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. సత్య నాదెళ్ల ఎవరో మన పిల్లలందరికీ తెలుసు. పాలమూరు వైపు కొల్లాపూర్ నుంచి వెళ్లి ఐఐటీ బొంబాయిలో నానోఎలక్ట్రానిక్స్ కేంద్రాన్ని నిలబెట్టినవాళ్లలో ఒకరైన వి. రామగోపాల్ రావు పేరు ఎన్ని కాలేజీల్లో వినిపిస్తుంది? ఐఐటీ బొంబాయి, ఐఐఎస్సీ కలిసి 2008 నుంచి వేరే కాలేజీల పరిశోధకులకు తమ క్లీన్‌రూములు తెరిచిపెట్టాయి. ఆ తలుపు తట్టమని విద్యార్థిని పంపే ప్రిన్సిపాళ్లు మనకు కావాలి.

ఇక డబ్బు లేదన్న మాట చెల్లదు. ధొలేరా ఫ్యాబ్ ఖర్చు 91,000 కోట్లు, అందులో దాదాపు సగం కేంద్రమే భరిస్తోంది. ఐఐఎస్సీ అడిగింది ఆ సగంలో నూటికి ఒక వంతు. పరిశోధన కోసమని 2025లో లక్ష కోట్ల ఆర్‌డీఐ నిధి కూడా ప్రకటించారు. తీరా చూస్తే అది ప్రధానంగా ప్రైవేటు కంపెనీలకు తక్కువ వడ్డీకి దీర్ఘకాలం ఇచ్చే అప్పు, అదీ ల్యాబ్‌లో ఇప్పటికే రుజువైన టెక్నాలజీలకు. ల్యాబ్‌లో రుజువు చేయాల్సినవాడికి అప్పు ఎవరిస్తారు, ఇచ్చినా ఏం అమ్మి తీరుస్తాడు? ఈ పనికి గ్రాంటే కావాలి. 500 కోట్లు మొదటి వాయిదాగా, పైలట్ లైన్ నడపడానికి ఇరవై ఏళ్ల హామీగా, వందమంది టెక్నీషియన్ల శాశ్వత పోస్టులతో సహా కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు, వాళ్లలో కొందరు ఈ ప్రభుత్వానికి మద్దతిస్తున్నవాళ్లే. వచ్చే సమావేశాల్లో ఒక్కరైనా రాతపూర్వకంగా అడగాలి: 2024 అక్టోబరులో అందిన ఆ ప్రతిపాదన ఈ రోజు ఎవరి టేబుల్ మీద ఉంది, ఏ తేదీలోగా తేలుస్తారు?