రాజద్రోహమా, మతద్రోహమా: మాయ్‌కెన్ వెన్స్ మరణశిక్షపై ఒక ఖండన

1573 అక్టోబరు 6న నేటి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నగరంలో సజీవదహనానికి గురైన అనబాప్టిస్టు (శిశువులకు కాక, తెలిసి విశ్వసించిన పెద్దలకే బాప్తిస్మం ఇవ్వాలనే క్రైస్తవ వర్గపు) స్త్రీ మాయ్‌కెన్ వెన్స్ గురించి ఒక వాదన కొంతకాలంగా చేతులు మారుతూ ప్రచారంలో ఉంది. ఆమెను హతసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వ్యక్తి) అనడం తగదని, ఆమె మ్యూన్‌స్టర్ తిరుగుబాటుదారుల వారసురాలని, ఆమెకు శిక్ష వేసింది పోపు మనుషులు కాదు ప్రభుత్వమే కనుక నేరం మతద్రోహం కాదు రాజద్రోహమని, జనాన్ని రెచ్చగొడుతుందనే భయంతోనే ఆమె నాలుకను బిగించారని, ఒక్క మాట వెనక్కి తీసుకుని ఉంటే బతికి బయటపడేదని, మొండితనంతో కన్నబిడ్డలను తల్లి లేనివారిని చేసిందని ఆ వాదన సారాంశం. అనబాప్టిస్టు పరంపరకే చెందిన మెనోనైట్ బ్రదరెన్ సంఘాలు మహబూబ్‌నగర్ ప్రాంతంలో వందేళ్లకు పైబడి ఉన్నాయి కనుక తెలుగు పాఠకులకు ఇది మరీ పరాయి విషయమేమీ కాదు.

మొదట మ్యూన్‌స్టర్ సంగతి చూద్దాం. అనబాప్టిస్టుల్లో ఒక వర్గం 1534లో ఆ జర్మన్ నగరాన్ని స్వాధీనం చేసుకుని, కత్తి పట్టి, బహుభార్యాత్వం ప్రవేశపెట్టిన మాట నిజమే. దాన్ని కప్పిపుచ్చవలసిన పని ఎవరికీ లేదు. అయితే 1535 జూన్‌లో ఆ నగరం పతనమైంది. మాయ్‌కెన్ అరెస్టయ్యేనాటికి ఆ గొడవ ముగిసి ముప్ఫై ఎనిమిదేళ్లు కావస్తోంది, అప్పటికి ఆమె పెద్ద కొడుకు వయసు పదిహేను. ఈ మధ్యకాలంలో నెదర్లాండ్స్‌లోని అనబాప్టిస్టుల్లో అత్యధికులు డచ్ బోధకుడు మెన్నో సైమన్స్ బోధను అనుసరించి ఆయుధం పట్టబోమని, ఒట్టు పెట్టబోమని తీర్మానించుకున్నవారు. 1572లో కొందరు మెనోనైట్లు, అంటే ఆ మెన్నో అనుచరులు, స్పెయిన్‌పై పోరాడుతున్న విలియం ఆఫ్ ఆరెంజ్‌కు డబ్బు సమకూర్చారని ఎవరైనా ఎత్తిచూపవచ్చు. వారు డబ్బు ఇచ్చారు కానీ సైన్యంలో చేరలేదు. పైగా ఒక తాపీమేస్త్రి భార్యను స్తంభానికి కట్టడానికి ఆ విరాళం కారణమనడానికి ఆధారం ఏదీ లేదు. ఆమె భర్త మాథ్యూస్ వెన్స్ పగలు గోడలు కట్టి జీవిస్తూ రహస్య అనబాప్టిస్టు సంఘానికి బోధకుడిగా ఉండేవాడు.

అసలు ఈ వివాదాన్ని తేల్చేది శిక్షా విధానమే. అక్టోబరు 5న వెలువడిన తీర్పు ఆమెను మతద్రోహిగానే పేర్కొని, నోరు బిగించి బూడిద అయ్యేదాకా కాల్చాలని ఆదేశించింది. అప్పట్లో ఆంట్‌వెర్ప్‌తో సహా నెదర్లాండ్స్‌ను స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ తరఫున ఆల్బా ప్రభువు పాలిస్తున్నాడు. రాజద్రోహ నేరానికి అతను ఏ శిక్ష విధించేవాడో తెలుసుకోవాలంటే ఎంతో దూరం వెళ్లనక్కరలేదు. 1568 జూన్ 5న బ్రస్సెల్స్ నడిబజారులో ఎగ్మాంట్, హోర్న్ ప్రభువుల తలలు నరికించాడు. రాజుపై కుట్ర అని నమ్మినచోట కత్తి, వేరే విశ్వాసాన్ని వదలనిచోట మంట. ఈ తేడా ఆనాటి న్యాయాధికారులకు బాగా తెలుసు, మన వాదకులకే తెలియలేదు. ఒక్క విషయంలో మాత్రం వారి మాట కొంత సరి: చితి పేర్చినది పోపు మనుషులు కారు. మతగురువులు జైలుకు వచ్చి ఆమెను వాదనతో లొంగదీయాలని చూసినప్పటికీ, శిక్ష వేసి అమలు చేసింది నగర పాలకులే. అయితే చట్టాన్ని నడిపింది ప్రభుత్వమైనంత మాత్రాన ఆ చట్టం పేరు పెట్టిన నేరం మారిపోదు.

నాలుక విషయంలో మన వాదకులు కారణాన్ని తలకిందులు చేశారు. వధ్యస్థలానికి నడిపించుకుపోయేటప్పుడు ఖైదీలు దారిపొడవునా కీర్తనలు పాడేవారు, గుమిగూడినవారితో మాట్లాడేవారు, ఆ మాటలు విని చూడవచ్చినవారి మనసు కదిలేది. అందుకే నాలుకను ఇనుప పట్టులో పెట్టి మరతో బిగించేవారు. ఆమెతో పాటు శిక్షపడిన తోటి విశ్వాసులకూ అదే చేశారు. కత్తుల తిరుగుబాటుకు భయపడేవాడు చేతులు కడతాడు, నోరు కట్టడు.

ఇక ఒక్క మాట వెనక్కి తీసుకుంటే బతికేది అన్నది. 1550లో ఫిలిప్ తండ్రి ఐదో చార్లెస్ మతద్రోహులపై జారీ చేసిన శాసనం చదివినవారెవరూ ఈ మాట అనలేరు. దాని ప్రకారం తమ పొరపాటు ఒప్పుకున్న పురుషుడికి కత్తి, స్త్రీకి సజీవ సమాధి, ఒప్పుకోని వారికి మంట. అంటే శాసనం అక్షరాలా చెప్పినది ఇంతే: పశ్చాత్తాపపడితే చావు తప్పదు, దాని తీరు మారుతుంది.

చివరిది, అన్నిటికంటే నొప్పించేది, పిల్లల మాట. ఆమె జైలు నుంచి రాసిన ఉత్తరాలు మిగిలి ఉన్నాయి. శరీరానికి పరీక్ష రానంతవరకు, ఏదీ వదులుకోవలసిన పని లేనంతవరకు క్రైస్తవుడిగా ఉండటం సులువేనని వాటిలో ఒకచోట ఆమే అంటుంది. బిడ్డలను విడిచిపోవడం ఎంత కష్టంగా ఉందో ఆమె దాచుకోలేదు. పెద్దవాడు ఆడ్రియాన్‌కు రాస్తూ, తన బదులు అప్పుడప్పుడు చిన్న హాన్స్‌ను ఎత్తుకోమని చెప్పింది. అక్టోబరు 6న ఆ పదిహేనేళ్ల కుర్రాడు చేసింది అదే. మూడేళ్ల తమ్ముణ్ణి చంకనెత్తుకుని వధ్యస్థలం దగ్గర ఒక బల్లపై నిలబడ్డాడు. తల్లిని స్తంభం దగ్గరకు తెచ్చేసరికి స్పృహ తప్పి పడిపోయాడు. కనుక కొడుకు ఆ దహనాన్ని కళ్లారా చూశాడని కొందరు అభిమానులు కన్నీళ్లతో చెప్పేది కూడా సరికాదు. జనం వెళ్లిపోయాక తెలివి వచ్చి, బూడిదలో వెతికి, ఆ నాలుక మర దొరికితే దాచుకున్నాడు.

ఈ వివరం మనకు చేరింది 1660లో డచ్ మెనోనైట్ బోధకుడు వాన్ బ్రాఖ్ట్ ప్రచురించిన హతసాక్షుల గ్రంథం ద్వారా. 1685 ముద్రణకు యాన్ లూయ్‌కెన్ చెక్కిన చిత్రాల్లో బూడిద వెతుకుతున్న ఆ పిల్లలూ ఉన్నారు. సొంత మతస్థుడు, అదీ ఎనభై ఏళ్లు దాటాక రాసిన మాట కాబట్టి జాగ్రత్తగా చదవాలన్న అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను. కానీ తల్లి తమను వదిలేసి పోయిందని ఆ కుటుంబం అనుకున్నదా అన్న ప్రశ్నకు అదే గ్రంథంలో ఒక చిన్న సంగతి ఉంది. 1659 నాటికి బతికి ఉన్న ఆమె వారసుల్లో కొందరు ఆడపిల్లలకు పెట్టిన పేరు మాయ్‌కెన్ వెన్స్.