"పాత గొడవలు రాయకు, క్లియరెన్స్ ఖాయం": ఈ సలహా ఎందుకు ముంచుతుందంటే

అమెరికాలో సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి) కోసం, గత జీవితం వివరాలడిగే ఎస్‌ఎఫ్-86 ఫారం నింపే మనవాళ్ల మధ్య ఒక సలహా చేతులు మారుతోంది: "కోర్టు కొట్టేసిన కేసు రాయక్కర్లేదు. గంజాయి మన రాష్ట్రంలో లీగలే, అదీ రాయక్కర్లేదు. ఉద్యోగంలోంచి తీసేశారని కాదు, నేనే మానేశానని రాయి. దొరికితే అప్పుడు చెప్పుకోవచ్చు." నాలుగూ తప్పే. నాలుగోది మరీ ప్రమాదం.

కొట్టేసిన కేసు: పోలీసు రికార్డు అడిగే 22వ సెక్షన్ మొదట్లోనే ఉంటుంది, రికార్డు సీల్ చేసినా, చెరిపేసినా, కేసు కొట్టేసినా చెప్పాలని. మినహాయింపు కొన్ని ఫెడరల్ డ్రగ్ కేసులకే. చాలా ప్రశ్నలు గత 7 ఏళ్లకే పరిమితం; ఫెలనీ (తీవ్ర నేరం), మద్యం, డ్రగ్స్ లాంటి అభియోగాలకు మాత్రం కాలపరిమితి లేదు. 300 డాలర్లలోపు ట్రాఫిక్ జరిమానా, అందులో మద్యం, డ్రగ్స్ లేకపోతే, వదిలెయ్యొచ్చు.

గంజాయి: రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోలేదు. అయితే గతంలో వాడినంత మాత్రాన క్లియరెన్స్ పోదని 2021 డిసెంబరు నాటి ప్రభుత్వ మార్గదర్శకాలే చెప్పాయి. దాచితే మాత్రం అది క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చే నియమాల్లో వ్యక్తిగత ప్రవర్తన కిందికి, అంటే గైడ్‌లైన్ 'ఇ' కిందికి వస్తుంది. వాడకం పాతబడుతుంది, అబద్ధం మీద మీ సంతకం తాజాగా ఉంటుంది.

ఉద్యోగం: 13వ సెక్షన్ "తీసేశారా" అని అడిగి ఊరుకోదు. తీసేస్తామన్నాక మానేశారా, ఆరోపణలు వచ్చాక ఒప్పందంతో బయటికొచ్చారా అని కూడా అడుగుతుంది. కాబట్టి "రిజైన్ చేశాను" అన్నది అక్షరాలా నిజమైనా జవాబు తప్పే. పైగా మీ పాత మేనేజరును విచారణాధికారి వేరుగా పలకరిస్తాడు.

ఇక "దొరికితే చెప్పుకోవచ్చు". గైడ్‌లైన్ 'ఇ' ఊరటనిచ్చేది ఎదుట సాక్ష్యం పెట్టకముందే, వెంటనే, చిత్తశుద్ధితో సరిదిద్దుకున్న వాళ్లకు. అధికారి కాగితం టేబుల్ మీద పెట్టాక "అయ్యో, మర్చిపోయా" అంటే ఆ ఊరట దాదాపు చేజారినట్టే. తెలిసి అబద్ధమాడితే ఫెడరల్ చట్టం కింద 5 ఏళ్ల దాకా జైలుశిక్ష కూడా ఉంది. నిజంగా మర్చిపోవడం వేరు. కావాలని దాచడమే నేరం. "ఫ్రెండు రాయొద్దన్నాడు" అన్నది సాకుగా నిలవదు. లాయరో, క్లియరెన్స్ వ్యవహారాల బాధ్యత ఉన్న అధికారో తప్పుగా చెప్పి ఉంటే, ఆ విషయం చెప్పాల్సిందేనని తెలియగానే మీరు పూర్తిగా, నిజాయితీగా చెబితేనే అది లెక్కలోకి వస్తుంది.

తేదీ గుర్తులేకపోతే ఖాళీ వదలకండి. 'అంచనా' గడి టిక్ చేసి, కామెంట్ పెట్టెలో రెండు ముక్కలు రాయండి: ఏం జరిగింది, ఎలా ముగిసింది. ఇప్పటికే ఫారం పంపేసుంటే ఇంటర్వ్యూ దాకా ఆగొద్దు. మీ సంస్థ సెక్యూరిటీ ఆఫీసరుకు రాతపూర్వకంగా తెలిపి, తేదీతో కాపీ ఉంచుకోండి.