ఫ్లూ టీకా ఏటా మారేది దందా కోసం కాదు

వానలు మొదలయ్యాయి, దగ్గులు మొదలయ్యాయి, వాటితోపాటే ఆ మెసేజ్ కూడా. కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిరుగుతోంది. చూడనివాళ్ల కోసం దాని సారం: "ఫ్లూ టీకా ఏటా మారుస్తున్నారంటే పాతది పనిచేయనట్టే, ఇదంతా కంపెనీల దందా. హెచ్3ఎన్2 ల్యాబ్‌లో కొత్తగా పుట్టించింది. ఫ్లూ ఒకసారి వచ్చిపోతే మళ్లీ రాదు, మన ఎండలకు అసలే బతకదు. సూది వేయించుకున్నవాళ్లకే జ్వరం వస్తోంది. అజిత్రోమైసిన్ మూడు మాత్రలు చాలు." కింద చేతులు జోడించిన బొమ్మ. రాసిందెవరో తెలియదు గానీ పంపుతున్నవాళ్లు మనవాళ్లే, అందుకే ఈ జవాబు.

మెసేజ్ మొత్తంలో కాస్త బలమున్న వాదన మొదటిదే. టీకా డబ్బా మీద సన్నటి అక్షరాల్లో ఏ వైరస్‌ల కోసం తయారుచేశారో రాసి ఉంటుంది, చూడండి. "ఎ/విక్టోరియా/4897/2022" అని ఉందనుకోండి. ఎ రకం, ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో దొరికింది, నమూనా నంబరు 4897, దొరికిన ఏడాది 2022. గుడ్లలో పెంచి చేసే టీకాలకు ఉత్తరార్ధగోళం కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన జాబితాలో ఈ హెచ్1ఎన్1 (హెచ్3ఎన్2 లాగే ఎ రకం ఫ్లూలో ఒక ఉపరకం) 2023-24, 2024-25, 2025-26 మూడు సీజన్లలోనూ మారలేదు. అదే జాబితాలో హెచ్3ఎన్2 మాత్రం డార్విన్, థాయ్‌లాండ్, క్రొయేషియా అని సీజన్‌కొకటి వచ్చింది. దందాయే అయితే ఒకదాన్ని ముట్టుకోకుండా పక్కదాన్నే ఎందుకు మారుస్తారు? అంతేకాదు, బి-యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా తిరుగుతున్నట్టు నిర్ధారణ కాలేదు. దాన్నిక టీకాలో పెట్టనక్కర్లేదని 2023 సెప్టెంబరులో అదే సంస్థ చెప్పింది. నాలుగు రకాల టీకా మూడు రకాలకు దిగింది. సరుకు తగ్గించమనే దందా నేనైతే ఎక్కడా చూడలేదు.

మారుతున్నది అసలు వైరసే. దాని జన్యుపదార్థం ఎనిమిది ముక్కల ఆర్‌ఎన్‌ఏ. నకళ్లు తీసుకునేటప్పుడు తప్పులు దిద్దే ఏర్పాటు దానికి లేదు, ప్రూఫ్ రీడర్ లేని ప్రెస్ లాంటిది. ఆ తప్పుల్లో చాలావాటివల్ల నష్టపోయేది వైరసే. కొన్ని మాత్రం దాని పైపొర మీదుండే హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్‌ను కొద్దికొద్దిగా మారుస్తాయి. మన యాంటీబాడీలు పట్టుకునేది సరిగ్గా దాన్నే. పట్టు జారితే, పోయినేడు ఫ్లూ వచ్చినవాడికి ఈ ఏడు మళ్లీ వస్తుంది. "ఒకసారి వస్తే మళ్లీ రాదు" అన్నది దీంతోనే తేలిపోయింది. ఈ మార్పును డ్రిఫ్ట్ అంటారు, హెచ్3ఎన్2లో ఇది మరీ జోరుగా సాగుతుంది.

టీకాలో ఏమేం ఉండాలన్నది ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో తేలుస్తారు. తయారీకి ఆరు నెలలు పడుతుంది. ఈలోగా వైరస్ ఇంకొంచెం మారిందంటే గురి తప్పుతుంది. 2014-15లో అమెరికాలో అదే జరిగి, టీకా ఫ్లూ ముప్పును 20 శాతం దగ్గరే తగ్గించింది. గురి కుదిరిన ఏడాది 40 నుంచి 60 శాతం. గొప్ప అంకెలేమీ కావు, దాచాల్సినవీ కావు. ప్రపంచవ్యాప్తంగా ఏటా శ్వాస సంబంధమైన సమస్యలతో 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మందిని బలిగొనే జబ్బు విషయంలో సగం రక్షణ కూడా చిన్నదేం కాదు.

ఇక "ల్యాబ్‌లో పుట్టించిన" హెచ్3ఎన్2. 2023 ఆరంభంలో ఊరంతా దగ్గుతుంటే చాలామంది ఈ పేరు మొదటిసారి విన్నారు, అంతే. అది 1968 నుంచీ మనుషుల్లో ఉంది. రెండు వేర్వేరు ఫ్లూ వైరస్‌లు ఒకే కణంలో దూరితే వాటి ముక్కలు కలగలిసిపోతాయి. అలాగే 1957 నుంచి తిరుగుతున్న హెచ్2ఎన్2లోకి పక్షుల వైరస్ ముక్కలు రెండు వచ్చి చేరాయి. ఈ పేర్లలో హెచ్ అంటే హీమాగ్లుటినిన్, ఎన్ అంటే పైపొర మీదే ఉండే మరో ప్రోటీన్. పాత ఎన్2 అలాగే ఉండిపోయింది, హెచ్2 పోయి హెచ్3 వచ్చింది. 2009 స్వైన్ ఫ్లూ కూడా ఇలా ముక్కలు కలిసి పుట్టిందే. ఉత్తర అమెరికా పందుల వైరస్‌వి కొన్ని, యూరప్-ఆసియా పందుల వైరస్‌వి కొన్ని. ఈ కలగలుపును షిఫ్ట్ అంటారు. డ్రిఫ్ట్‌తో సీజన్లు వస్తాయి, షిఫ్ట్‌తో మహమ్మారులు వస్తాయి.

ఎండ సంగతి హైదరాబాదీలు నమ్మడమే విచిత్రం. దేశంలో 2009 స్వైన్ ఫ్లూ తొలి కేసు బయటపడింది ఇక్కడే, అదీ మే నెలలో. ఆ ప్రయాణికుడు విదేశం నుంచి తెచ్చుకున్నాడు, నిజమే. కానీ వైరస్ ఉండేది నడిరోడ్డు మీద కాదు కదా, 37 డిగ్రీల ఒంట్లో. కిక్కిరిసిన ఏసీ మెట్రో బోగీలో పక్కవాడి తుమ్ముకు బయటి ఎండతో పనేముంది? మన దేశంలో ఎక్కువ చోట్ల ఫ్లూ ముమ్మరించేది వానాకాలంలో, మళ్లీ జనవరి-మార్చి మధ్య కొంత.

సూదితో జ్వరమా? మన దగ్గర ఎక్కువగా వేసే సూదిలో ఉండేది చచ్చిన వైరస్, దానితో ఫ్లూ రాదు. ఒకట్రెండు రోజులు చెయ్యి నొప్పి, నలత ఉండొచ్చు. రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఈలోపు ఫ్లూ అంటుకుంటే నింద టీకా మీద పడుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం చివరి సలహాతోనే. సాయంత్రం పూట ఏ మెడికల్ షాపు దగ్గరైనా ఓ పది నిమిషాలు నిలబడండి. "అన్నా, అజిత్రో 500 ఒక స్ట్రిప్ ఇవ్వు, జ్వరం" అనే మాట వినబడుతుంది, చీటీ అడిగేవాళ్లు తక్కువ. అది బ్యాక్టీరియా మందు, వైరస్‌ను ఏమీ చేయదు. ఫ్లూ తర్వాత బ్యాక్టీరియా న్యుమోనియా వచ్చే మాట నిజమే, అది తేల్చాల్సింది డాక్టరు. ఫ్లూకు మందు ఒసెల్టామివిర్, లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడితే బాగా పనిచేస్తుంది. గర్భిణులు, పెద్దవాళ్లు, పసిపిల్లలు, షుగర్, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఆ 48 గంటల్ని అజిత్రో మింగుతూ గడిపేస్తే, ఆయాసంతో ఆస్పత్రికి చేరేసరికి ఆలస్యమైపోతుంది. అప్పుడూ ఒసెల్టామివిర్ ఇస్తారు, కానీ ఫలితం తగ్గుతుంది. ఇలాంటివాళ్లు ఇంట్లో ఉంటే జ్వరం వచ్చిన మొదటి రోజే డాక్టరుకు చూపించండి. టీకా వానలకు ముందు, ఏప్రిల్-మే నెలల్లో వేయించడం మేలు. ఈ ఏడు దాటిపోయిందని ఆగక్కర్లేదు, ఇప్పుడైనా వేయించవచ్చు.