తలుపు సంగతి తర్వాత

గత మంగళవారం ఉదయం ఏడుంబావుకు తిరుపతి తీర్థకట్ట వీధిలో, ఎవరికీ ఏ అపకారమూ తలపెట్టకుండా నిలబడి ఉన్న నా కారును ఒక సైకిలు ఢీకొట్టింది. ఇంజను ఆపి ఉంది. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంది. నేను లోపల కూర్చుని ఫోను చూసుకుంటున్నాను. బంపరుకు కట్టిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ సైతం కదలడం లేదు. ఇంతటి ప్రశాంత వాతావరణంలో దాడి జరిగింది. తలుపు సంగతి తర్వాత చెబుతాను.

ఆ సైకిలు వయసు నలభైకి తక్కువ ఉండదు. తొక్కుతున్న పెద్దాయన వయసు డెబ్బైకి తక్కువ ఉండదు. ఇద్దరికీ కలిపి నూటపదేళ్ల అనుభవం ఉండి కూడా ఒక కారును తప్పించుకోలేకపోయారంటే నిర్లక్ష్యం అనక ఏమనాలి? వెనక క్యారియరు మీద గోనెపట్టా, దాని మీద వెదురు గంప, గంపలో తడిగుడ్డ కింద చిర్రాకు, పొన్నగంటాకు, మెంతికూర కట్టలు. గంప బోర్లా పడింది. నేను దిగి ఫొటో తీసేలోపే గోవిందరాజస్వామి గుడి వైపు నుంచి ఒక ఆవు నింపాదిగా వచ్చి సాక్ష్యాధారాలను తినడం మొదలుపెట్టింది. తిరుపతిలో ఆవును అదిలించడానికి ఎవరికి చేతులు వస్తాయి? అక్కడున్నవాళ్లలో ఇద్దరు దానికి దండం పెట్టుకున్నారు.

ఇక నష్టం. డ్రైవరు వైపు తలుపు అంచున బొటనవేలు పట్టేంత సొట్ట, అక్కడి నుంచి జానెడు పొడవున ఒక గీత. బ్రేకు లివరు చివర ఉండవలసిన రబ్బరు ఊడిపోయి ఎన్నేళ్లయిందో గాని, ఆ ఇనుప మొన పైరంగును చీల్చి, ప్రైమరును దాటి, రేకు దాకా వెళ్లింది. మొదట్లో వేలెడు వెడల్పున ఉన్న గీత పోను పోను సన్నబడి, చివర ఒక మెంతి ఆకు దగ్గర ఆగింది. ఆ ఆకును తుడిచేయలేదు. చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి పర్సులో భద్రపరిచాను. ఆవు తినని సాక్ష్యం అదొక్కటే.

పరిహారం రాబట్టాలని ఆ పూటే నిశ్చయించుకున్నాను. మన చట్టాలు కారు యజమానిని ఎంత నిర్దయగా చూస్తాయో అప్పుడు గాని తెలిసిరాలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం తెరిస్తే 2వ సెక్షను 28వ క్లాజులోనే ఆశ అడుగంటింది. యంత్రశక్తితో నడిచేదే మోటారు వాహనమట. నాలుగుకు తక్కువ చక్రాలుండి, 25 సీసీకి మించని ఇంజను ఉన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకోరట. 25 సీసీ అంటే మా వీధి చివర ఇచ్చే టీలో మూడో వంతు కూడా ఉండదు. పెద్దాయన సైకిలుకు అదీ లేదు, ఉన్నవల్లా రెండు మోకాళ్లు. కాబట్టి దానికి రిజిస్ట్రేషను అక్కరలేదు, తొక్కేవాడికి లైసెన్సు అక్కరలేదు. 146వ సెక్షను నా మెడకు కట్టిన థర్డ్ పార్టీ బీమా దాని హ్యాండిలుకు అంటదు. ఒకప్పుడు మునిసిపాలిటీలు సైకిలుకు కూడా పన్ను కట్టించుకుని రేకు బిళ్ల ఇచ్చేవి. దీపం లేకుండా వెళ్లినా, వెనక ఇంకొకరిని ఎక్కించుకున్నా పోలీసులు టైర్లలో గాలి తీసేవారు. ఎంత చక్కని రోజులు! ఆ బిళ్లతోపాటే కార్ల భద్రత కూడా పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరినట్టుంది.

ఇంకా ఘోరం వినండి. గుర్తు తెలియని మోటారు వాహనం ఒక మనిషిని కొట్టి పారిపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇస్తారు. గుర్తు తెలియని సైకిలు కారును కొట్టి తొక్కుకుంటూ వెళ్లిపోతే? నిధి లేదు, పథకం లేదు, నింపడానికి ఫారం కూడా లేదు. కారుకు ప్రాణం లేదన్న సాకు చెబుతారేమో. నా ప్రాణమంతా కారులోనే ఉందని మా ఆవిడ ఎనిమిదేళ్లుగా అంటోంది. అవసరమైతే అఫిడవిట్ కూడా ఇస్తుంది.

స్టేషనుకు వెళ్లాను. రైటరు కాగితం ముందుకు లాక్కుని మర్యాదగానే మొదలుపెట్టాడు.

"కొట్టిన వాహనం నంబరు?"

"లేదు."

"రంగు?"

"తుప్పు."

"వేగం?"

"నడిచేవాళ్లు దాటిపోయేంత."

ఆయన కలం మూత పెట్టాడు. నేను వదలలేదు. భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను గుర్తు చేశాను. బహిరంగ మార్గంలో నిర్లక్ష్యంగా వాహనం నడిపితే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అందులో మోటారు అన్న మాట లేదు, సైకిలూ వాహనమే. ఆయన ఓపిగ్గా విని, "మనుషుల ప్రాణానికి ప్రమాదమో, గాయమో కలిగేలా అని కూడా ఉంటుంది సార్. ఎవరికి కలిగింది?" అన్నాడు. మోకాలు చెక్కుకుపోయినది పెద్దాయనకే కాబట్టి ఆ ప్రశ్నను దాటవేశాను. పైగా ఆ వెయ్యి కూడా ఖజానాకే పోతుంది, నా తలుపుకు రాదు.

సాక్షుల కోసం వీధిలోకి వెళ్లాను. కాణిపాకం కథలో ముగ్గురు అన్నదమ్ములుంటారు కదా, ఒకరికి చూపు లేదు, ఒకరికి వినికిడి లేదు, ఒకరికి మాట లేదు. బావి తవ్వుతుంటే స్వామి బయటపడి ముగ్గురికీ నయమైంది. మా తీర్థకట్ట వీధిలో ఆ బావి ఇంకా తవ్వలేదు. కొబ్బరికాయల కొట్టతను చూడలేదన్నాడు. ఇత్తడి సామాన్ల కొట్టతను చప్పుడు వినలేదన్నాడు. పూలు కట్టే ఆమె రెండూ కాదనలేదు గాని నోరు విప్పలేదు, నన్నూ తలుపునూ మార్చి మార్చి చూసి మళ్లీ దారం అందుకుంది.

టింకరింగు షెడ్డులో కుర్రవాడు తలుపును రెండుసార్లు తెరిచాడు, మూశాడు, గీత మీద వేలు పెట్టి నడిపించాడు. సొట్ట తీయడానికి, రంగుకు కలిపి 9,500 అన్నాడు. తర్వాత తల గోక్కుంటూ, "సార్, సైకిలు బయటి నుంచి వచ్చింది కదా, గీత తలుపు లోపలి వైపు ఎలా పడింది?" అని అడిగాడు. ఈ కాలం కుర్రవాళ్లకు పని తక్కువ, పరిశోధన ఎక్కువ.

సొంత బీమాలో క్లెయిమ్ చేద్దామా అంటే ఆ లెక్క వేరు. అయిదేళ్లు ఏమీ అడగకుండా బుద్ధిగా ఉన్నందుకు నాకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వచ్చింది, అంటే ఏటా 8,000 మిగులు. ఒక్కసారి చెయ్యి చాచితే అది సున్నాకు పడిపోతుంది. 9,500లో తప్పనిసరి కోత 1,000, రంగు సరుకు విలువలో సగం తరుగు, ఇవన్నీ పోగా చేతికి ఏడున్నర వేలకు మించదు. ఏడున్నర వేలు పుచ్చుకుని 8,000 పోగొట్టుకోవాలి. అంటే నా కారును సైకిలు కొట్టినందుకు నేనే కంపెనీకి 500 పరిహారం ఇచ్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ అన్న పేరు పెట్టినవాడు తెలిసే పెట్టాడు.

మిగిలింది ప్లీడరు. చిన్ననాటి స్నేహితుడే కాబట్టి ఫీజు అడగలేదు, కాఫీ మాత్రం నా చేతే తెప్పించాడు. సైకిలు మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లలేవు, నిర్లక్ష్యం రుజువు చేసి సివిల్ కోర్టులో దావా వేసుకో, గడువు మూడేళ్లు అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు అడిగాడు, "తలుపు మూసి ఉందా, తీసి ఉందా?"

"కొంత తీసి ఉంది."

"ఎవరు తీశారు?"

"తీయబడింది."

ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను చదివి వినిపించాడు. ఇతరులకు ప్రమాదం, అడ్డంకి కలిగేలా బహిరంగ స్థలంలో వాహనాన్ని నిలిపి ఉంచరాదట. కారు ఎక్కడ నిలిపావని అడిగాడు. మలుపులో అన్నాను, కాలువ పలక మీద రెండు చక్రాలు, రోడ్డు మీద రెండు చక్రాలు, సమన్యాయంగా. అప్పుడు ఆయన చెప్పిన మాట నాకు మూడు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. తలుపు తీయడం కూడా మోటారు వాహన వినియోగమే కాబట్టి ట్రిబ్యునల్ మెట్లెక్కే హక్కు నాకు లేదు గాని పెద్దాయనకు ఉందట. కారు పాలసీలో థర్డ్ పార్టీ ఆస్తి నష్టానికి ఏడున్నర లక్షల వరకు రక్షణ ఉంటుందట. నా తలుపుకు దిక్కు లేదు. ఆయన చిర్రాకుకు మాత్రం ఏడున్నర లక్షలు, అదీ నేను కట్టిన ప్రీమియంతో!

చట్టం విఫలమైన చోట ధర్మం మిగిలి ఉంటుంది. ప్రతివాదిని వెతకడానికి పెద్ద శ్రమ పడలేదు. ఆయన రోజూ మా గేటు ముందుకే వస్తాడట, ఆరేళ్లుగా మా ఇంటి ఆకుకూర ఆయనదేనట. నేను ఆకుకూరను పళ్లెంలో తప్ప చూడను కాబట్టి గుర్తుపట్టలేదు. శుక్రవారం ఉదయం గేటు దగ్గర నిలదీశాను.

"పెద్దాయనా, తప్పు నీది కాదని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?"

కాణిపాకం అంటే ఈ ప్రాంతంలో అబద్ధానికి ఆఖరి మజిలీ. కోనేట్లో మునిగి వినాయకుడి ముందు నిలబడ్డాక అబద్ధమాడే ధైర్యం ఎంతటివాడికీ రాదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయ్యాక కాణిపాకం చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది గాని, ఆ కోర్టుకు అధికార పరిధి గొడవ లేదు.

పెద్దాయన వెంటనే సైకిలుకు స్టాండు వేశాడు. "పద నాయనా, చేస్తాను. సైకిలు మీద అంత దూరం నావల్ల కాదు, నీ కారులోనే పోదాం. తలుపు నువ్వు తీయలేదని నువ్వు కూడా ఒక మునక వేసి చెప్పేస్తే ఇద్దరికీ ఒకే ఖర్చుతో అయిపోతుంది."

ఆ రోజు శుక్రవారం. ఆఫీసులో ముఖ్యమైన పని ఉంది. కాణిపాకం డెబ్బై కిలోమీటర్లు. కాబట్టి వాయిదా కోరాను.

అయినా ఉదారంగా ఒక రాజీ ప్రతిపాదన పెట్టాను. కట్ట పది రూపాయలు. రోజుకొక కట్ట ఉచితంగా ఇస్తే 950 రోజుల్లో, అంటే రెండేళ్ల ఏడు నెలల్లో 9,500 తీరిపోతుంది, మూడేళ్ల గడువు కూడా దాటదు. కుబేరుడి అప్పుకు స్వామివారు కలియుగాంతం దాకా వడ్డీ కడుతున్న ఊరిలో ఇంతకంటే సులభ వాయిదాలు ఎవరిస్తారు? పెద్దాయన నన్ను జాలిగా చూసి, "రెండేళ్లు రోజూ ఆకుకూరే తింటావా నాయనా?" అని అడిగాడు. లోపలి నుంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. చర్చలు అంతటితో నిలిచిపోయాయి.

నిన్న రాత్రి పాల లెక్క సరిచూద్దామని ఆమె జమాఖర్చుల పుస్తకం తెరిచాను. మంగళవారం పేజీలో, కారు ఖర్చుల కింద, పెట్రోలుకు తర్వాత గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: ఆకుకూర 35 కట్టలు, 350. సైకిలు ముందు చక్రం వంకర తీయించడానికి, 120. మోకాలికి మందు, పట్టీ, 85. మొత్తం 555. ఈ ఖర్చు దేనికో తెలిసేలా పక్కన ఒకే ఒక్క మాట రాసింది: తలుపు.