ఎండీఎఫ్ ఇంటి గారికి మేస్త్రీ మొర

మహారాజశ్రీ రెండంతస్తుల ఎండీఎఫ్ ఇంటి గారి సముఖమునకు,

మీ మేస్త్రీ నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. నా కుడి చేతి చూపుడు వేలు, బొటనవేలు మాత్రం నిన్న సూపర్‌గ్లూ పుణ్యమా అని అరగంట సేపు ఒకదాన్నొకటి వదల్లేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. బల్ల మీద ఆడే యుద్ధపు ఆటలో 28 మిల్లీమీటర్ల బొమ్మ సైనికులకు ఎండీఎఫ్ అనే చెక్కనార పలకలతో కట్టే ఇల్లు కూడా ఆ లెక్కలోకే వస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. పెట్టెలోంచి దిగినప్పుడు మీరెంత బుద్ధిమంతుల్లా ఉన్నారు! పలకలన్నీ లేజర్‌తో కోసి, పంటికి పన్ను సరిపోయేలా వచ్చారు. గంటలో గోడలు లేచాయి, కప్పు కూర్చుంది. అప్పుడు చూశాను మీ అసలు రూపం. ప్రతి మూలకీ జిప్పు వేసినట్టు పళ్ళు. లేజర్ తగిలిన ప్రతి అంచూ బొగ్గు. పేరుకేమో రాతి ఇల్లు. రాతి ఇంటికి జిప్పేమిటండీ?

ఆ పళ్ళ సందుల్లో లప్పం పెట్టి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దాను. మాస్కు వేసుకునే రుద్దాను లెండి, కట్టె నారకి రెజిన్ కలిపి ఒత్తిన పలక మీరు, మీ పొడి పీల్చడం ఎవరికీ మంచిది కాదు. తర్వాత ప్రైమర్ కొట్టాను. గోడల మీద బుద్ధిగా పట్టింది. అంచులు మాత్రం నాలుగు రోజులు నీళ్ళు చూడని గొడ్డులా తాగేశాయి. రెండో పూత వేస్తే అదీ తాగి, ఇంకా ఉందా అన్నట్టు గరుగ్గా నిలబడ్డాయి. తెల్ల జిగురులో నీళ్ళు కలిపి ముందే అంచులకు పట్టించి ఆరనివ్వాలట. ఆ ముక్క అంతా అయ్యాక తెలిసింది.

ఇక మీరు, గారు అనడం నా వల్ల కాదు. నువ్వనే అంటాను.

కప్పుకి ఒకవైపే రంగు వేశానని అలిగి వంగిపోయావు చూడు, అది మర్చిపోను. తడి తగిలిన వైపు నార ఉబ్బుతుంది, రెండో వైపు ఉబ్బదు, పలక విల్లవుతుంది. సరే, తప్పు నాదే. రెండో వైపూ తడిపి, లావుపాటి పుస్తకాల కింద రాత్రంతా పడుకోబెట్టాను. మధ్యలో లేచి రెండుసార్లు చూసొచ్చాను కూడా.

నీ కొలతలు ఇంకో తమాషా. ఈ సైజు బొమ్మలకు ఇంచుమించు 1:56 లెక్క. నీ గోడ మందం 3 మిల్లీమీటర్లు, అంటే అసలు లోకంలో 17 సెంటీమీటర్లు. ఫిరంగి గుళ్ళకి ఎదురు నిలవాల్సిన గోడ మామూలు ఇంటి అడ్డుగోడంత అన్నమాట. పైన పటారం, లోన లొటారం. గుమ్మం వెడల్పు 18 మిల్లీమీటర్లు. సైనికుడి కాళ్ళ కిందున్న గుండ్రటి బిళ్ళ 25. పక్కకి తిరిగినా పట్టడు. అందుకే శూరులూ వీరులూ అందరూ నీ కప్పు ఎత్తి, దొంగల్లా పైనుంచి దిగుతున్నారు.

అసలు పిచ్చి ఆ తర్వాత మొదలైంది. కొత్తిల్లు కదా, పాతబడేలా చేయాలి. ఇసక అతికించిన గోడకి ముదురు బూడిద రంగు వేసి, వాష్ అనే నీళ్ళలాంటి నల్ల రంగు పోస్తే అది సందుల్లోకి జారి కూర్చుంది. అక్కడిదాకా బాగానే ఉంది. గోడ మీద ఉబ్బెత్తు చోట్లకే లేత రంగు అంటించే డ్రైబ్రష్‌కి ఓపిక కావాలి. బ్రష్‌ని లేత రంగులో ముంచి, ఇంక రంగే మిగల్లేదనిపించే దాకా టిష్యూ మీద తుడవాలి. మొదటి గోడకి అంత ఓపిక పట్టలేకపోయాను. పండగకి సున్నం కొట్టినట్టు వచ్చింది.

ఒక్క కిటికీ దగ్గరే సాయంత్రమంతా గడిచిపోయింది. ఇనప బందు కింద వానకి తుప్పు కారిన చార కావాలి. సన్న బ్రష్‌తో గోధుమ రంగు గీత గీశాను. కిటికీకి జలుబు చేసి ముక్కు కారినట్టుంది. తడి బ్రష్‌తో కిందికి లాగాను, పల్చబడింది. ఇంకొంచెం లాగాను, పూర్తిగా పోయింది. నాలుగోసారికి, ఊపిరి బిగబట్టి గీస్తే, కుదిరింది. వెంట్రుకంత చార. పైన చిక్కగా మొదలై, కిందికొచ్చేసరికి ఉందో లేదో అన్నట్టు ఆగింది. అది చూసి ఇంట్లోవాళ్ళని పిలిచాను. వచ్చి, "ఏ కిటికీ?" అన్నారు.

నిన్న ఆట. నిన్ను బల్ల మధ్యలో పెట్టాను, ఆ కిటికీ అందరికీ కనబడేలా. రెండో రౌండులో అవతలివాడి ఫిరంగికి పాచికలు పడ్డాయి. ఇల్లు కూలింది, తీసేయమన్నాడు. నీ చాటునున్న నా ఆరుగురూ ఆరుబయట మిగిలారు. మూడు వారాల పని, ఇరవై నిమిషాల కాపురం.

తీసి పక్కన తలకిందులుగా పెట్టాను. అడుగు అంచు చుట్టూ నల్లగా, లేజర్ కోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. అక్కడ రంగు వేయడం మర్చిపోయాను. ఎవరూ చూడలేదు. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనివ్వగలవు.

ఇట్లు,
నీ మేస్త్రీ