పదింటికి బయల్దేరితే జంతువులేం కనిపిస్తాయండీ

మీరు నలుగురు కలిసి కొండెక్కిన సంగతి రాసిన వ్యాసంలో పైనున్న వ్యూ పాయింట్ గురించి బాగానే రాశారు కానీ, రోజంతా తిరిగినా ఒక్క జంతువూ కనపడలేదు అన్న చోట మాత్రం నవ్వొచ్చింది, పొద్దున పదింటికి నలుగురు కబుర్లు చెప్పుకుంటూ ఎక్కితే మన గొంతులు విని ఏదైనా పక్కకి తప్పుకుంటుంది కదా. తెల్లవారుతున్నప్పుడో, పొద్దుగూకే ముందో వెళ్లాలి. అంతకంటే ముఖ్యం, నడక తగ్గించి కూర్చోవడం. నేనోసారి వాగు పక్కన బండ మీద నలభై నిమిషాలు ఊరికే కూర్చున్నా, సగం సేపు దోమలు తప్ప ఏం లేదు, తర్వాత ఒక జింక వచ్చి ముందుకాలు ఎత్తి అలాగే ఆగిపోయింది, చెవులు మాత్రం ఒకటి అటు, ఒకటి ఇటు తిరుగుతున్నాయి. గాలి దాని వైపు నుంచి నా వైపు వీస్తోంది కాబట్టి నా వాసన తగల్లేదు, లేకపోతే అంత దగ్గరికి రాదు.

బైనాక్యులర్స్ కొనేవాళ్లు 12 రెట్లు, 15 రెట్లు అని ఎగబడకండి, చెయ్యి వణికితే బొమ్మంతా ఊగుతుంది. 8×42 చాలు. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో అది, 42 అంటే ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. మసక వెలుతురులో పనికొచ్చేది అదే.

అన్నట్టు, మొక్కల సంగతి ఒక్క ముక్కా రాయలేదేం? ఎత్తు 1000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, అందుకే ఎక్కేకొద్దీ చెట్ల రకాలే మారిపోతాయి, బాగా పైన పొట్టిగా, గాలికి ఒక పక్కకి వంగినవి కనిపిస్తాయి. ఫోన్లో పాటలు మాత్రం పెట్టకండి ప్లీజ్, పక్షులు ఒక్కసారిగా అరిచాయంటే దగ్గర్లో ఏదో కదులుతోందని అర్థం, అది వినపడాలి కదా.