రక్తం ఎంతని కాదు, ఎవరిదని అడగాలి

హింస పాలు ఎక్కువైన నేరకథా చిత్రం ఏది విడుదలైనా మన దగ్గర రెండు తీర్పులు వెలువడుతున్నాయి. సమీక్షకుడు 'హింస మోతాదు మించింది' అని రాసి రేటింగులో అర పాయింటు కోస్తాడు. మొదటి ఆట చూసి బయటికి వచ్చిన అభిమాని 'రెండో సగం అరాచకం' అని మైకు ముందు ఊగిపోతాడు. ఒకరిది ఫిర్యాదు, మరొకరిది మెచ్చుకోలు. కొలత మాత్రం ఇద్దరిదీ ఒకటే: తెర మీద ఎంత రక్తం పారింది? అది ఎవరి రక్తం, ఆ మనిషి పోయాక అతని ఇల్లు ఏమైంది అని ఇద్దరిలో ఎవరూ అడగరు. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల పాఠకుల మధ్య ఉన్న మేము ఆ ప్రశ్న అడగకుండా ఉండలేం.

2025 మే 1న వచ్చిన 'హిట్: ద థర్డ్ కేస్' సంగతే తీసుకుందాం. శైలేష్ కొలను దర్శకత్వంలో ఈ వరుసలో మొదటి సినిమా 2020లో వచ్చింది. తప్పిపోయిన అమ్మాయి కోసం ఒక పోలీసు అధికారి సాగించే వెతుకులాట అది. మూడో సినిమాకు వచ్చేసరికి, మనిషిని చంపి చూపిస్తే తప్ప సభ్యత్వం దొరకని ముఠాలోకి నాని పోషించిన పోలీసు అధికారి చొరబడతాడు. సెన్సారు బోర్డు 'ఏ' (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్ ఇచ్చింది. పిల్లలను తీసుకురావద్దని కథానాయకుడే ప్రచారంలో చెప్పారు. ఇది మెచ్చుకోవలసిన నిజాయితీ. నాని నటన బాగుందని, పరిశోధన పలచబడి నరుకుడు పెరిగిందని చాలామంది సమీక్షకులు రాశారు. జనం చూశారు, సినిమా ఆడింది.

పరిశోధన ఎందుకు పలచబడిందో మాత్రం ఎక్కువమంది తరచి చూడలేదు. పరిశోధన అంటే చనిపోయిన మనిషి దగ్గరికి తిరిగి తిరిగి వెళ్లడం. ఆమె ఎవరితో మాట్లాడింది, ఆ రోజు ఏం తిన్నది, ఎవరికి భయపడింది అని కూపీ లాగే కొద్దీ శవానికి పేరు, ఊరు, బతుకు తిరిగి వస్తాయి. పోలీసు కథకు నిజమైన బలం అక్కడే ఉంది. ఆ పని వదిలేసి పతాక సన్నివేశంలో వరుసగా నరికే కార్యక్రమం పెట్టుకుంటే, చచ్చేవాళ్లకు పేర్లు కూడా అక్కర్లేదు. కాబట్టి 'పరిశోధన తగ్గింది' అన్నది స్క్రీన్‌ప్లే లోపం దగ్గరే ఆగిపోయే విషయం కాదు. చనిపోయినవారి మీద శ్రద్ధ తగ్గిందన్నమాట.

ప్రేక్షకుడు మూర్ఖుడని మేము అనడం లేదు. ఈల ఎక్కడ పడుతుందో గమనిస్తే చాలు. అమాయకురాలిని హంతకుడు చంపేటప్పుడు హాలు బిగుసుకుపోతుంది. చాలాసేపు దెబ్బలు తిన్న కథానాయకుడు ఎదురుతిరిగి కత్తి అందుకున్నప్పుడు ఈల పడుతుంది. దర్శకుడు ఈ రెండింటినీ లెక్క చూసి కలుపుతాడు. మొదటి చావును అంత క్రూరంగా చూపించేది, తరువాతి పాతిక చావులకు మన చేత ముందే ఒప్పుకోలు రాయించుకోవడానికి. ఆ అమ్మాయికి సినిమాలో దక్కేది ఐదు నిమిషాలు. ఆమె తల్లి ఏడుపుకు ఒకే ఒక షాటు. ఆ తరువాత ఆమె ఎవరికీ గుర్తుండదు.

2023 డిసెంబర్ 1న విడుదలైన 'యానిమల్' విషయంలో ఈ చీలిక ఇంకా లోతుగా కనిపించింది. మన తెలుగువాడు సందీప్ రెడ్డి వంగా తీసిన ఆ హిందీ సినిమా తెలుగు నాట కూడా విరగబడి ఆడింది. అదే వారంలో కాంగ్రెస్ సభ్యురాలు రంజీత్ రంజన్ రాజ్యసభలో లేచి, కాలేజీలో చదువుతున్న తన కూతురు ఏడుస్తూ మధ్యలోనే హాలు నుంచి బయటికి వచ్చేసిందని చెప్పారు. ఆమెను వెక్కిరించినవారు ఎందరో. 'నచ్చకపోతే చూడొద్దు' అన్నారు. ఆ అమ్మాయి టికెట్ కొనుక్కుని వెళ్లిన ప్రేక్షకురాలే. ఏడుస్తూ బయటికి రావడం కూడా సినిమా మీద ప్రేక్షకుల తీర్పే. వసూళ్ల పట్టికలో దానికి చోటు లేకపోవచ్చు. సమీక్షలో ఉండి తీరాలి.

సీమ వాళ్లకు ఈ మాట పట్టడానికి కారణం ఉంది. హత్య కొన్ని నిమిషాల్లో అయిపోతుందని, దాని తరువాతి కథ ఇరవై ఏళ్లు నడుస్తుందని ఇక్కడ ఎవరినీ కూర్చోబెట్టి చెప్పనవసరం లేదు. కక్షలు రగిలిన పల్లెల్లో కోర్టు వాయిదాలకు, వకీళ్లకు, బెయిళ్లకు పొలాలు అమ్ముకున్న కుటుంబాలు ఉన్నాయి. చంపినవాడి ఇల్లూ, చచ్చినవాడి ఇల్లూ ఒకే తీరుగా చితికిపోయాయి. పిల్లలను ఊళ్లో ఉంచడానికి భయపడి బెంగళూరుకు పంపిన తల్లులు ఉన్నారు. పక్క ఊళ్లో దగ్గరి బంధువుల పెళ్లి జరుగుతున్నా దారి మంచిది కాదని ఆగిపోయిన ఆడబిడ్డలు ఉన్నారు. 1999లో 'సమరసింహారెడ్డి' విజయం తరువాత తెలుగు సినిమా ఏళ్ల తరబడి ఈ నేల మీదికి వచ్చింది. వేటకొడవలిని, నాటుబాంబును, వరుసగా దుమ్ము లేపే సుమోలను తీసుకుపోయింది. వితంతువును ఇక్కడే వదిలి వెళ్లింది. ఆ సినిమాలు చూసిన బయటి ఊళ్లవాళ్లు మన పిల్లలను హాస్టళ్లలో 'మీ ఊళ్లో బాంబులు వేసుకుంటారట కదా' అని అడిగారు. ఇప్పుడు కొడవలి పోయి ఇంకో ఆయుధం వచ్చింది, సుమో పోయి డార్క్ వెబ్, అంటే మామూలు వెతుకులాటకు దొరకని రహస్య ఇంటర్నెట్, వచ్చింది. వదిలేసి వెళ్లేది మాత్రం మళ్లీ ఆ ఆడమనిషినే.

ఈ నేల సినిమాకు ఇచ్చింది కొడవళ్లే అనుకునేవారికి ఒక మాట. 'మల్లీశ్వరి' తీసి, తరువాత దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న బి.ఎన్. రెడ్డి కడప జిల్లా వారు. విజయా సంస్థను నడిపిన బి. నాగిరెడ్డి ఆయన తమ్ముడు. 1951లో 'పాతాళభైరవి' తీసిన కె.వి. రెడ్డిది అనంతపురం జిల్లా తాడిపత్రి. 'పాతాళభైరవి'లో నరబలి ఉంది. కథానాయకుడిని బలి ఇవ్వబోయిన మాంత్రికుడే చివరికి బలి అవుతాడు. మూడు తరాల పిల్లలు ఆ సినిమా చూశారు, ఎవరూ వాళ్ల కళ్లు మూయలేదు. ఆ చావులో ఉత్కంఠ ఉంది, యుక్తి ఉంది, కథ అక్కడ మలుపు తిరుగుతుంది. దెబ్బ ఎంత లోతుకు దిగిందో చూపించాల్సిన అవసరం దర్శకుడికి పడలేదు. హింస లేని సినిమాలే తీయమని మేము కోరడం లేదు. భారత రామాయణాల నేల మీద అలా కోరడం అర్థం లేని పని. నిషేధాలూ మాకు సమ్మతం కావు. సెన్సారుకు 1991లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా హింసను గొప్ప చేసి చూపడాన్ని, అవసరం లేని క్రూరత్వాన్ని వద్దన్నాయే గానీ హింసనే వద్దనలేదు.

మాకు నిజంగా కోపం తెప్పిస్తున్నది హాళ్లలో కనిపించే దృశ్యం. ప్రొద్దుటూరులో గానీ ఆదోనిలో గానీ 'ఏ' సినిమా రాత్రి ఆటకు వెళ్లి చూడండి. నాలుగో వరుసలో తండ్రి ఒడిలో ఆరేళ్ల పిల్ల ఉంటుంది. తెర మీద గొంతు కోసే సమయానికి ఆయన తన తువ్వాలు ఆమె ముఖం మీద కప్పుతాడు. కళ్లు మూసుకుపోతాయి, చెవులు మూసుకుపోవు. కత్తి దిగే చప్పుడు, ఎముక విరిగే చప్పుడు, కేక అన్నీ ఆ తువ్వాలు కింద ఆ పిల్లకు చేరతాయి. ఈనాటి సినిమాలో హింస సగానికి పైగా శబ్దంలోనే ఉంది. బొమ్మ కనిపించకుండా శబ్దం ఒక్కటే వినే పసిమనసు మిగతాదాన్ని తానే ఊహించుకుంటుంది. ఆ తండ్రి చెడ్డవాడు కాడు. ఇంట్లో పిల్లను చూసుకునేవారు లేకపోవచ్చు, హీరో మీద అభిమానం ఉండవచ్చు. అయినా పద్దెనిమిదేళ్లు నిండనివారిని 'ఏ' సినిమాకు అనుమతించకూడదన్నది చట్టం. అది తల్లిదండ్రుల ఇష్టానికి వదిలిన విషయం కాదు. 2023 సవరణ తరువాత తల్లిదండ్రుల విచక్షణకు వదిలింది 'యూఏ' చిత్రాలనే. వాటిని ఏడు, పదమూడు, పదహారు ఏళ్ల వారీగా విడగొట్టారు. ఈ తేడా తెలిసిన థియేటర్ యజమానులు తక్కువేమీ లేరు. పాటించేవారే కనపడరు.

2025 సంక్రాంతికి తిరుపతిలో ఒక అగ్రహీరో సినిమా విడుదలైన వేళ, థియేటర్ ముందు పొట్టేలును నరికి రక్తాన్ని పోస్టరుకు పూశారు. పోలీసులు కేసు పెట్టారు. అక్కడ అంత చురుకుగా కదిలిన యంత్రాంగం, హాలు లోపల పసిపిల్లల విషయంలో ఎందుకు కదలదు?

గేటు దగ్గర టికెట్ చించే ఉద్యోగి మీద నెపం వేసి తప్పుకోవడం అన్యాయం. ఆన్‌లైన్‌లో ఐదు టికెట్లు కొని, ఆటో దిగి, పిల్లలతో నిలబడిన కుటుంబాన్ని అతను వెనక్కి పంపితే గొడవ అయ్యేది అతనితోనే. కాబట్టి టికెట్ కొనే చోటే, డబ్బు కట్టకముందే, పిల్లలకు ప్రవేశం లేదని తెలుగులో పెద్ద అక్షరాలతో కనిపించాలి. అప్పటికీ పిల్లలతో వచ్చినవారికి టికెట్ డబ్బులు అక్కడికక్కడే వాపసు ఇవ్వాలి. డబ్బు పోదని తెలిస్తే సగం గొడవ ఉండదు. 'ఏ' సినిమా ఆడుతున్న మొదటి వారం సాయంత్రం, రాత్రి ఆటలకు రెవెన్యూ, పోలీసు అధికారులు వెళ్లి హాలు లోపల చూడాలి. మూడు జిల్లాల కలెక్టర్లు ఈ మేరకు థియేటర్ యజమానులను పిలిచి మాట్లాడాలని కోరుతున్నాం. మా వంతుగా, ఇకపై ఈ పత్రికలో నేరకథా చిత్రాల సమీక్ష రాసేవారిని చచ్చినవారికి సినిమా ఎంత చోటిచ్చిందో కూడా రాయమని చెప్పాం.